మూడు సీసాల కేసు: వార్ఫరిన్ సరిగ్గా వేసుకున్నా పాయిజనింగ్ కోడ్ ఎందుకు వచ్చింది

మన ఇళ్లల్లో మందు వల్ల ఏ ఇబ్బంది వచ్చినా ఒకటే మాట అంటాం: "మందు వికటించింది." ఒంటికి పడకపోయినా అంతే, డోసు ఎక్కువైనా అంతే, ఎవరో చెప్పారని ఇంకో మాత్ర కలిపి మింగినా అంతే. మాట్లాడుకోవడానికి ఆ ఒక్క మాట సరిపోతుంది. కోడింగ్‌లో, అంటే హాస్పిటల్ రికార్డు చదివి ప్రతి జబ్బుకూ ఒక కోడ్ ఇచ్చే పనిలో, సరిపోదు. ఆ కోడ్‌ల అమెరికా పట్టిక ఐసీడీ-10-సీఎంలో మందులకు సంబంధించి టి36 నుంచి టి50 వరకు ఉన్న కోడ్‌లన్నీ ఒక ప్రశ్న చుట్టూ తిరుగుతాయి: మందు చెప్పినట్టు వేసుకున్నారా, చెప్పని రీతిలో వేసుకున్నారా, చెప్పినదానికంటే తక్కువ వేసుకున్నారా? మొదటిది ఎడ్వర్స్ ఎఫెక్ట్, రెండోది పాయిజనింగ్, మూడోది అండర్‌డోసింగ్.

ఈ మూడిటి మధ్యా తేల్చుకోవాల్సిన పరిస్థితి ఒకే చార్ట్‌లో, అంటే ఒకే పేషెంట్ రికార్డులో, రావడం అరుదు. అలా వచ్చిన ఒక చార్ట్ గురించే ఇక్కడ రాస్తున్నాను. దాని మీద మా టీమ్ మూడుసార్లు తప్పు చేసింది. అందులో రెండు తప్పులు నావి.

నేపథ్యం

నేను హైదరాబాద్‌లో అమెరికా హాస్పిటళ్ల ఇన్‌పేషెంట్ చార్ట్‌లు కోడ్ చేసే టీమ్‌లో ఆడిటర్‌గా పనిచేస్తున్నాను. కోడర్లు ముగించిన చార్ట్‌లలో కొన్నిటిని తీసి మళ్లీ మొదటి పేజీ నుంచి చదవడం నా పని. పేషెంట్‌ని గుర్తుపట్టే వివరాలేవీ ఇక్కడ లేవు. వయసు, ల్యాబ్ అంకెలు, మాత్రల లెక్క మార్చాను. కోడింగ్ నిర్ణయాన్ని మార్చే సంగతులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

పేషెంట్ డెబ్భై దాటిన పెద్దాయన. దీర్ఘకాలంగా ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పడం), దానికి ఏళ్లుగా వార్ఫరిన్ (రక్తం పలచబడే మందు). గతంలో ఒకసారి కడుపులో పుండు పడింది కాబట్టి రోజూ పాంటోప్రజోల్ (కడుపులో ఆమ్లం తగ్గించే మాత్ర) వేసుకోవాలని డాక్టర్ రాసిచ్చారు. రెండు రోజులుగా మలం నల్లగా వస్తోంది, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. కూతురు ఎమర్జెన్సీకి తీసుకొచ్చింది. హీమోగ్లోబిన్ ఏడుకి పడిపోయింది. రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో చెప్పే ఐఎన్ఆర్ 3.3, అంటే ఆయనకు పెట్టిన 2 నుంచి 3 హద్దుకు కాస్త పైన. ఎండోస్కోపీలో రక్తం కారుతున్న పుండు కనబడింది, క్లిప్ వేశారు. రక్తం ఎక్కించారు. నాలుగో రోజు ఇంటికి పంపారు.

డిశ్చార్జ్ సమ్మరీ చిన్నది: గ్యాస్ట్రిక్ అల్సర్ వల్ల రక్తస్రావం, రక్తం పోవడం వల్ల వచ్చిన ఎనీమియా, వార్ఫరిన్ వల్ల కోయాగ్యులోపతి (రక్తం సరిగ్గా గడ్డకట్టని లోపం), ఏట్రియల్ ఫిబ్రిలేషన్. ఇంటికి వెళ్లాక వాడాల్సిన మందుల జాబితా. అంతే.

మొదటి కోడింగ్

చార్ట్ కోడ్ చేసినది బీఫార్మసీ చదివి కోడింగ్‌లోకి వచ్చిన కుర్రాడు. మందుల గురించి నాకంటే బాగా తెలిసినవాడు. ప్రిన్సిపల్ డయాగ్నసిస్‌గా (హాస్పిటల్‌లో చేరడానికి ముఖ్య కారణంగా, మొదటి కోడ్‌గా) కె25.4 పెట్టాడు, అంటే రక్తస్రావంతో ఉన్న గ్యాస్ట్రిక్ అల్సర్. తర్వాత డి62 (రక్తం పోవడం వల్ల వచ్చిన ఎనీమియా), డి68.32 (రక్తం పలచబడే మందు వల్ల కోయాగ్యులోపతి). వాటి వెనక టి45.515ఎ, అంటే యాంటీకోయాగ్యులెంట్ (రక్తం పలచబడే మందు) ఎడ్వర్స్ ఎఫెక్ట్. చివర ఐ48.20 (ఏట్రియల్ ఫిబ్రిలేషన్), జెడ్79.01 (దీర్ఘకాలంగా యాంటీకోయాగ్యులెంట్ వాడకం).

డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే చదివితే ఇందులో వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. ఎడ్వర్స్ ఎఫెక్ట్ అయినప్పుడు మందు వల్ల వచ్చిన జబ్బు ముందు, మందు పేరు చెప్పే టి కోడ్ దాని వెనక. ఆ వరస తప్పలేదు. టి కోడ్‌లో ఆరో స్థానంలో 5 ఉంది, అది ఎడ్వర్స్ ఎఫెక్ట్ అంకె. చివర ఎ ఉంది, చికిత్స ఇంకా జరుగుతోందని చెప్పడానికి. మందు పేరు బట్టి కోడ్ వెతుక్కునే టేబుల్ ఆఫ్ డ్రగ్స్‌లో వార్ఫరిన్ పేరు కిందే ఎలుకల మందుగా వాడే వార్ఫరిన్‌కి టి60.4తో మొదలయ్యే ఇంకో వరస ఉంటుంది. వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగానే బజారుకొచ్చింది, మనుషులకు మందుగా అనుమతి వచ్చింది 1954లో. తొందరలో ఉన్నవాళ్లు ఆ వరస పట్టుకుంటారు. ఇతను పట్టుకోలేదు, టేబుల్‌లో చూసిన కోడ్‌ని ట్యాబ్యులర్‌లో (కోడ్‌ల అసలు జాబితాలో) సరిచూసుకున్నాడు కూడా.

మరి సమస్య ఎక్కడ?

నర్స్ నోట్

డిశ్చార్జ్ సమ్మరీతో మొదలుపెట్టి వెనక్కి చదవడం చాలామంది కోడర్ల అలవాటు. గంటకు ఇన్ని చార్ట్‌లు అన్న టార్గెట్ నెత్తిన ఉన్నప్పుడు ఆ టెన్షన్ నాకూ తెలుసు. ఆడిట్‌లో మాత్రం నేను అడ్మిషన్ రోజు నర్స్ రాసే మందుల వివరాల దగ్గర మొదలుపెడతాను. ఈ చార్ట్‌లో ఆ పేజీ పదకొండు వరసలుంది. అందులో మూడు వరసల్లో కేసు మొత్తం ఉంది.

కూతురు ఇంట్లో ఉన్న మందు సీసాలన్నీ ఒక సంచిలో వేసుకొచ్చింది. నర్స్ వాటిని బల్ల మీద పెట్టి లెక్కపెట్టింది. మొదటి సీసా వార్ఫరిన్: సీసా నింపిన తేదీ నుంచి లెక్క వేస్తే ఎన్ని మిగలాలో అన్నే మిగిలాయి. రెండో సీసా పాంటోప్రజోల్ 40 మిల్లీగ్రాములు: పది వారాల కిందట నింపిన 30 మాత్రల్లో ఇంకా 19 ఉన్నాయి. పక్కనే ఇలా రాసింది: "ఖర్చు ఎక్కువని కడుపులో మంట వచ్చినప్పుడే వేసుకుంటున్నానని పేషెంట్ చెబుతున్నారు." మూడో సీసా ఐబూప్రొఫెన్ 200 మిల్లీగ్రాములు: దాని మీద ఫార్మసీ లేబుల్ లేదు, షాపులో కొన్నది. మోకాలి నొప్పికి రెండేసి మాత్రలు రోజుకు మూడుసార్లు, సుమారు రెండు వారాలుగా.

ఈ మూడో వరస దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. రోజుకు 1200 మిల్లీగ్రాములు అంటే ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మే ఐబూప్రొఫెన్ సీసా మీద రాసే రోజువారీ హద్దు సరిగ్గా అంతే. ఆ హద్దు ఆయన దాటలేదు. కానీ అదే సీసా మీద, నొప్పికి పది రోజులకు మించి వాడొద్దనీ, రక్తం పలచబడే మందు వాడుతుంటే ముందు డాక్టర్‌ని అడగమనీ కూడా ఉంటుంది. ఆయన అడగలేదు. ఐబూప్రొఫెన్ కడుపు లోపలి పొరని కాపాడే ప్రోస్టాగ్లాండిన్లను తగ్గిస్తుంది, ప్లేట్‌లెట్లు అతుక్కోకుండా చేస్తుంది. వార్ఫరిన్ గడ్డకట్టే పనిని ఇంకో దారిలో అడ్డుకుంటుంది. రెండూ కలిస్తే ఐఎన్ఆర్ పెద్దగా పెరగకపోయినా రక్తం ఆగదు. హద్దుకు కాస్తే పైనున్న 3.3 దగ్గర ఇంత రక్తం ఎందుకు పోయిందన్న అనుమానం నాకు అక్కడే తీరింది.

మొదటి తప్పు, దాని వెనక వాదన

కోడర్‌ని పిలిచి ఆ పేజీ చూపించాను.

"చూశాను మేడమ్," అన్నాడు. "అందుకే ఐబూప్రొఫెన్‌కి కూడా ఎడ్వర్స్ ఎఫెక్ట్ కోడ్ పెడదామనుకున్నా. డిశ్చార్జ్ సమ్మరీలో లేదని వదిలేశా."

"ఎడ్వర్స్ ఎఫెక్టేనా?"

"డ్రగ్ ఇంటరాక్షన్ కదా మేడమ్. ఫార్మకాలజీలో అది ఎడ్వర్స్ రియాక్షన్ కిందకే వస్తుంది. పైగా వార్ఫరిన్ ఆయన సరిగ్గానే వేసుకున్నాడు, మాత్రల లెక్క కూడా కలిసింది. సరిగ్గా వేసుకున్న మందుని పాయిజనింగ్ అని ఎలా అంటాం?"

ఈ ప్రశ్న తేలికగా తీసిపారేయాల్సింది కాదు. ఫార్మసీ పుస్తకం ప్రకారం అతను చెప్పింది నిజం. కానీ ఐసీడీ-10-సీఎం మందు ఒంట్లో ఏం చేసిందో చూసి విభజించదు. ఆ మందు ఒంట్లోకి ఎలా వచ్చిందో చూసి విభజిస్తుంది. గైడ్‌లైన్ పాయిజనింగ్ కింద ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి అచ్చంగా ఇదే: డాక్టర్ సరిగ్గా రాసిచ్చి, పేషెంట్ సరిగ్గా వేసుకున్న మందుతో పాటు, ఎవరూ రాసివ్వని మందు ఇంకోటి వేసుకుంటే, ఆ రెండిటి కలయిక వల్ల వచ్చిన ఇబ్బంది పాయిజనింగ్. వార్ఫరిన్ ఒక్కదాన్నే చూస్తే తప్పేమీ లేదు. కలయికలోనే తప్పు ఉంది, ఆ కలయికకు డాక్టర్ ప్రమేయం లేదు. కాబట్టి రెండు మందులకూ పాయిజనింగ్ అంకె పడుతుంది: వార్ఫరిన్‌కి టి45.511ఎ, ఐబూప్రొఫెన్‌కి టి39.311ఎ.

అదే ఐబూప్రొఫెన్‌ని ఆర్థోపెడిక్ డాక్టర్ రాసిచ్చి ఉంటే? అప్పుడు రెండూ రాసిచ్చిన మందులే, రెండూ చెప్పినట్టే వేసుకున్నాడు. రక్తస్రావం ఇంతే, పుండు ఇదే, కానీ రెండిటికీ ఎడ్వర్స్ ఎఫెక్ట్ కోడే. ఒంట్లో జరిగింది ఒకటే, కోడ్ వేరు. ఈ మాట చెప్పాకే అతని ముఖంలో ఏదో వెలిగింది. దీన్నే తిరగేసి ఇంకో ఉదాహరణ చెప్పాను. డిగాక్సిన్ చెప్పిన డోసే వేసుకుంటున్న మనిషికి కిడ్నీలు దెబ్బతిని ఆ మందు ఒంట్లో పేరుకుపోయింది. డాక్టర్ "డిగాక్సిన్ టాక్సిసిటీ" అని రాస్తారు. టాక్సిసిటీ అన్న మాట చూడగానే పాయిజనింగ్ పెట్టేవాళ్లు చాలామంది. అది ఎడ్వర్స్ ఎఫెక్ట్, టి46.0ఎక్స్5ఎ. మాట ఎంత భయంకరంగా ఉందన్నది లెక్కలోకి రాదు.

తర్వాత అతను ఇంకో మాట అడిగాడు, ఈసారి ఇంటెంట్, అంటే ఉద్దేశం, గురించి. ఐబూప్రొఫెన్ ఆయన తెలిసే కొన్నాడు, తెలిసే మింగాడు. మరి ఆరో అంకె 2 కాదా, ఇంటెన్షనల్ కాదా?

కాదు. పాయిజనింగ్‌లో 2 అంటే తనకు తాను హాని చేసుకోవాలని మింగడం. ఈయన మోకాలి నొప్పి తగ్గాలని మింగాడు. హాని చేసుకోవాలనుకోలేదు కాబట్టి 1, ఎక్సిడెంటల్. ఇంటెంట్ గురించి రికార్డులో ఏమీ లేకపోయినా ఎక్సిడెంటలే పెట్టాలని గైడ్‌లైన్ చెబుతుంది. ఇంటెంట్ తేల్చలేకపోయామని డాక్టర్ స్వయంగా రాసినప్పుడే 4. ఈ అంకె దగ్గర అజాగ్రత్తగా ఉండే కోడర్ మీద నాకు కోపం వస్తుంది. నొప్పికి మాత్ర వేసుకున్న పెద్దాయన రికార్డులో ఆత్మహత్యా ప్రయత్నం అని ఒక అంకె పడితే, ఆ అంకె ఆయన వెంట తిరుగుతుంది. రేపు ఇంకో డాక్టర్ ఆ చరిత్ర చూసి ఆయనతో మాట్లాడే తీరే మారిపోతుంది.

నా మొదటి తప్పు

ఇంత వివరంగా తెలిసి కూడా నేను చేసిన పని సరికాదు. ఆడిట్ ఫలితంలో ప్రిన్సిపల్ డయాగ్నసిస్ టి45.511ఎగా మార్చమని సిఫారసు రాసి క్లయింట్ హాస్పిటల్‌కి పంపాను. మర్నాడే తిరిగొచ్చింది: "ప్రొవైడర్ డాక్యుమెంటేషన్ లేదు."

అంటే, డాక్టర్ ఆ మాట ఎక్కడా రాయలేదని. వాళ్లదే రైటు. నర్స్ రాసినదాని ఆధారంగా కోడ్ చేయగలిగే సంగతులు కొన్నే: బాడీ మాస్ ఇండెక్స్, పడక పుండు స్టేజి, కోమా స్కేల్, సామాజిక పరిస్థితులకు సంబంధించిన వివరాలు, ఇంకొన్ని. మందుల కలయిక వల్ల రక్తస్రావం అయిందన్నది ఆ జాబితాలో లేదు. అది డాక్టర్ తేల్చాల్సిన కారణ సంబంధం. ఆ హాస్పిటల్ డాక్టర్ రాసింది వార్ఫరిన్ వల్ల కోయాగ్యులోపతి అని మాత్రమే. ఐబూప్రొఫెన్ పేరే ఎత్తలేదు. ఫార్మకాలజీ నాకు ఎంత తెలిసినా, ఆ గీత నేను గీయకూడదు.

ఇది డబ్బు విషయం కూడా. ప్రిన్సిపల్ డయాగ్నసిస్ కె25.4 అయితే చార్ట్ 377 నుంచి 379 వరకు ఉన్న రక్తస్రావం డీఆర్‌జీల్లోకి (హాస్పిటల్‌కి ఎంత చెల్లించాలో తేల్చే గ్రూపుల్లోకి) వెళుతుంది. పాయిజనింగ్ ముందుకొస్తే 917, 918 గ్రూపుకి. మార్పు ఎటు జరిగినా, దానికి ఆధారం చార్ట్‌లో డాక్టర్ సంతకం కింద ఉండాలి. లేకపోతే రేపు ఎవరైనా ఆ క్లెయిమ్ తవ్వి తీసినప్పుడు హాస్పిటల్ దగ్గర చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

నా రెండో తప్పు

సరే, డాక్టర్‌కి క్వెరీ (రికార్డులో స్పష్టత కోరే రాతపూర్వక ప్రశ్న) పంపుదామనుకున్నాం. ఆ క్వెరీ నేనే రాశాను. తాత్పర్యం ఇది: "పేషెంట్ వార్ఫరిన్‌తో పాటు ఐబూప్రొఫెన్ వాడారు. దయచేసి డ్రగ్ ఇంటరాక్షన్ వల్ల పాయిజనింగ్ అని డాక్యుమెంట్ చేయగలరు."

రెండు దెబ్బలు ఒకేసారి తగిలాయి. క్లయింట్ వైపు డాక్యుమెంటేషన్ టీమ్ లీడ్, ఇది డాక్టర్ చేత జవాబు చెప్పించే క్వెరీ అని రాశారు. ఈ రంగంలోని అహిమా, ఆక్డిస్ సంస్థల క్వెరీ సూచనలు ఒప్పుకోనిది సరిగ్గా ఇదే: జవాబుని ప్రశ్నలోనే పెట్టడం. అప్పటికే క్వెరీ డాక్టర్‌కి చేరింది. ఆయన "అంగీకరించను" అని నొక్కి, ఒక వాక్యం రాశారు: "పేషెంట్ విషం తీసుకోలేదు. నొప్పి మాత్ర వేసుకున్నారు."

ఆ వాక్యం నేను చాలాసేపు చూశాను. మొదట చిరాకు వేసింది. తర్వాత అర్థమైంది, ఆయన చెప్పింది వైద్యపరంగా నిజమే. పాయిజనింగ్ అన్న మాట డాక్టర్ భాషలో వేరు, క్లాసిఫికేషన్ భాషలో వేరు. మా క్లాసిఫికేషన్ పదాన్ని నేను ఆయన నోట్లో పెట్టబోయాను. నిజానికి డాక్టర్ ఆ మాట రాయాల్సిన అవసరమే లేదు. ఆయన చెప్పాల్సింది జరిగిన సంగతి: రక్తం ఎందుకు పోయింది, ఏ మందు ఎవరు రాసిచ్చారు, పేషెంట్ ఎలా వాడాడు. దాన్ని పాయిజనింగ్ అనాలా, ఎడ్వర్స్ ఎఫెక్ట్ అనాలా అన్నది కోడర్ పని. నా పనిని ఆయన మీద, ఆయన పనిని నా మీద వేసుకున్నాను.

పనిచేసిన క్వెరీ

రెండోసారి క్వెరీ ఆ కుర్రాడి చేత రాయించాను, పక్కన కూర్చుని. ముందు చార్ట్‌లో ఉన్నవి ఉన్నట్టు పెట్టాం: ఎండోస్కోపీ ఫలితం, హీమోగ్లోబిన్, ఐఎన్ఆర్ 3.3, నర్స్ రాసిన మూడు సీసాల వివరం, తేదీలతో. తర్వాత ప్రశ్న: ఈ పేషెంట్ రక్తస్రావానికి కారణం లేదా కారణాలు మీ వైద్య నిర్ణయం ప్రకారం ఏమిటి? కింద ఎంపికలు: రాసిచ్చిన వార్ఫరిన్ ఒక్కటే. వార్ఫరిన్, ప్రిస్క్రిప్షన్ లేకుండా కొన్న ఐబూప్రొఫెన్ రెండిటి కలయిక. ఐబూప్రొఫెన్ ఒక్కటే. మందులతో సంబంధం లేదు. వేరే కారణం, దయచేసి రాయండి. తేల్చలేం. పాంటోప్రజోల్ గురించి విడిగా ఇంకో ప్రశ్న: చెప్పినదానికంటే తక్కువ వాడటానికి ఈ పుండుతో సంబంధం ఉందా లేదా, ఉంటే తక్కువ వాడటానికి కారణమేమిటి? పాయిజనింగ్, అండర్‌డోసింగ్ అన్న మాటలు ఎక్కడా రాలేదు. డీఆర్‌జీ ఊసు లేదు.

రెండు రోజుల్లో ఎడెండం (రికార్డుకు డాక్టర్ చేర్చే అదనపు నోట్) వచ్చింది. రక్తస్రావానికి కారణం పేషెంట్ సొంతంగా కొని వాడిన ఐబూప్రొఫెన్, చెప్పినట్టే వాడిన వార్ఫరిన్ కలిసి చేసిన పని అని డాక్టర్ రాశారు. ఖర్చు కారణంగా పాంటోప్రజోల్ చాలారోజులు మానేయడం వల్ల పాత పుండు తిరగబెట్టడానికి అవకాశం దొరికిందని కూడా రాశారు. మొదటిసారి అంత గట్టిగా కాదన్న మనిషే ఇది రాశారు. ప్రశ్న మారితే జవాబు మారింది.

అండర్‌డోసింగ్ దగ్గర చర్చ

పాయిజనింగ్ తేలాక మిగిలింది పాంటోప్రజోల్. డాక్టర్ చెప్పకుండా పేషెంట్ సొంతంగా మందు తగ్గించినా, మొత్తం మానేసినా అండర్‌డోసింగే. టి47.1ఎక్స్6ఎ. ఇది ఎప్పుడూ ప్రిన్సిపల్‌గా గానీ మొదటి కోడ్‌గా గానీ రాదు. మందు తగ్గినందువల్ల తిరగబెట్టిన జబ్బు పైన ఉండాలి, ఇది దాని వెనక. దాని పక్కన కారణం చెప్పే జెడ్ కోడ్: తెలిసే తక్కువ వాడాడా, తెలియకనా? తెలిసే అయితే డబ్బు ఇబ్బంది వల్లనా, వేరే కారణమా? ఈయన తెలిసే, ఖర్చు వల్ల మానేశాడు. జెడ్91.120.

ఇక్కడ కుర్రాడు మళ్లీ ఆగాడు. "మేడమ్, ఇందాక ఐబూప్రొఫెన్‌కి ఇంటెన్షనల్ కాదన్నారు. ఇప్పుడు పాంటోప్రజోల్‌కి ఇంటెన్షనల్ అంటున్నారు. ఒకే మనిషి, ఒకే చార్ట్."

ఇంటెన్షనల్ అన్న ఒకే మాట రెండు చోట్ల రెండు అర్థాలతో ఉంది. పాయిజనింగ్‌లో హాని చేసుకోవాలన్న ఉద్దేశం. అండర్‌డోసింగ్‌లో తక్కువ వేసుకుంటున్నానని తెలిసి వేసుకోవడం, అంతే. మతిమరుపుతో ఒక పూట మాత్ర మర్చిపోయే పెద్దావిడది అన్‌ఇంటెన్షనల్, వయసు వల్ల అయితే జెడ్91.130. కోడింగ్ నేర్పేటప్పుడు ఈ రెండు అర్థాలనూ పక్కపక్కన పెట్టి ఎవరూ చెప్పరు, నాకూ ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు నేను కొత్తవాళ్లకు మొదటి రోజే చెబుతున్నాను.

అండర్‌డోసింగ్ కోడ్‌ల మీద నాకు ప్రత్యేకమైన అభిమానం. అమెరికాలో 2015 అక్టోబర్ 1న ఐసీడీ-10-సీఎం వచ్చేదాకా ఈ కోడ్‌లు లేవు. అంతకుముందు ఇలాంటి మనిషిని "చెప్పినట్టు వినలేదు" అనే వి15.81లో పడేసేవాళ్లం. డబ్బుల్లేక మానేసినవాడూ, బద్ధకించి మానేసినవాడూ అందులో ఒకటే. ఇప్పుడు జెడ్91.120 అంటే ఆ మనిషికి మాత్ర కొనుక్కునే స్తోమత లేకపోయిందని రికార్డు చెబుతుంది. దాన్ని వదిలేస్తే ఆయన పరిస్థితి ఎక్కడా లెక్కకు రాదు. అందుకే కారణం దొరక్కపోతే క్వెరీ వేయమంటాను. అది డీఆర్‌జీని కదిలించదు కదా అని ఎవరన్నా సరే.

చివరి వరస

ముగించిన చార్ట్ ఇలా ఉంది: టి45.511ఎ, టి39.311ఎ, కె25.4, డి68.32, డి62, టి47.1ఎక్స్6ఎ, జెడ్91.120, ఐ48.20, జెడ్79.01.

పాయిజనింగ్‌లో వరస తిరగబడుతుంది, టి కోడ్ ముందు, ఇబ్బందులు వెనక. హాస్పిటల్‌లో చేర్చింది రక్తస్రావానికే అయినా ఇంతే, ఎందుకంటే వరస చెప్పే ప్రత్యేక నియమం సాధారణ ప్రిన్సిపల్ డయాగ్నసిస్ నిర్వచనం కంటే ముందుంటుంది. రెండు టి కోడ్‌లలో ఏది ముందన్న ప్రశ్నకు, రెండూ సమానంగా సరిపోయినప్పుడు దేన్నయినా ముందు పెట్టవచ్చన్న నియమాన్ని తీసుకున్నాం. అనేక మందుల పాయిజనింగ్ అని టి50.91 వరస ఒకటుంది. మందుల పేర్లు తెలిసినప్పుడు ఏ మందుకు ఆ కోడ్ ఇవ్వాలి, ఆ వరస జోలికి వెళ్లక్కర్లేదు. డి68.32 తీసేయాలా అని కొంత చర్చ జరిగింది, దాని కింద ఉన్న సూచన ఎడ్వర్స్ ఎఫెక్ట్ కోడ్ జత చేయమంటుంది కాబట్టి. "వర్తిస్తే" అన్న మాట కూడా అందులో ఉంది. ఇక్కడ అది వర్తించదు. డాక్టర్ రాసిన కోయాగ్యులోపతి పాయిజనింగ్ వల్ల వచ్చిన ఇబ్బందిగా ఉండిపోతుంది. ఉంచాం.

ఆ తర్వాత మా పనిలో మారినవి

రక్తం పలచబడే మందు, షుగర్ మందు, ఓపియాయిడ్, డిగాక్సిన్ ఉన్న ఏ చార్ట్ అయినా సరే, డిశ్చార్జ్ సమ్మరీ కంటే ముందు నర్స్ రాసిన మందుల పేజీ చదవాలని టీమ్‌లో పెట్టుకున్నాం. కోడ్ ఇవ్వడానికి కాదు, ఏం అడగాలో తెలుసుకోవడానికి. రెండో అలవాటు, టేబుల్ ఆఫ్ డ్రగ్స్ తెరిచే ముందు ఒక వాక్యం రాసుకోవడం: "ఈ మందు ఎవరు ఇచ్చారు, ఎలా వేసుకోమన్నారు, ఎలా వేసుకున్నాడు." ఆ వాక్యం పూర్తి చేయలేకపోతే టేబుల్‌లోని ఆరు నిలువు వరసల్లో ఏది ఎంచుకున్నా ఊహే.

ఈ వాక్యం ఇంకో చోట కూడా ఉపయోగపడింది. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే మన పెద్దవాళ్లు ఆరు నెలల మాత్రలు ఇక్కడి నుంచే పెట్టెలో సర్దుకెళ్తారు. అక్కడి డాక్టర్ జాబితాలో అవి ఉండవు. చార్ట్‌లో "ఇండియా నుంచి తెచ్చిన మాత్రలు" అని కనబడగానే వెంటనే నాన్‌ప్రిస్క్రైబ్డ్ అనుకునేవాళ్లం. అవి ఇక్కడి డాక్టర్ రాసిచ్చినవే అయితే రాసిచ్చిన మందులే. ఎవరు ఇచ్చారన్నది అడగకుండా పాయిజనింగ్ వైపు వెళ్లకూడదు.

ఆ పెద్దాయన ఆరు వారాల తర్వాత క్లినిక్‌కి వచ్చిన చార్ట్ కూడా మా క్యూలోనే పడింది. ఆ కుర్రాడే తీసుకున్నాడు. పుండు మానుతోంది, రక్తస్రావం లేదు, కె25.9. పాయిజనింగ్ కోడ్‌లు రెండూ మళ్లీ వచ్చాయి, చివర ఎ బదులు డి, చికిత్స ముగిసి కోలుకుంటున్న దశ కాబట్టి. మోకాలికి ఎసిటమినోఫెన్ రాసిచ్చారు. పాంటోప్రజోల్ తక్కువ ఖర్చయ్యే ఏర్పాటు సోషల్ వర్కర్ చేయించింది. ఈసారి కూడా సీసాలు వచ్చాయి, నర్స్ లెక్కపెట్టింది. పాంటోప్రజోల్ సీసాలో ఎన్ని ఉండాలో అన్నే ఉన్నాయి. అండర్‌డోసింగ్ కోడ్ ఇవ్వలేదు.